పదో షాటులో తలుపు

కార్వాన్, హైదరాబాదు
ఆగస్టు 4

అత్తమ్మకు స్రవ్య నమస్కరించి రాస్తున్నది.

ఫోన్‌లో అడగబోతే మీరు మధ్యలోనే ఆపి, "సిద్ధాంతం గాలిల చెప్తే గాలిలనే పోతది బిడ్డా, కాయితం మీద రాయి" అన్నారు. అందుకే ఈ ఉత్తరం. ముప్పై ఏళ్ళు దూరవిద్య విద్యార్థులకు కథాశాస్త్రం పాఠాలు రాసినవారు మీరు. సొంత మేనకోడలికి ఒక్క పాఠం రాయకపోతారా అని ధైర్యం చేస్తున్నాను.

మా సినిమా కోర్సులో ఈ ఏటి పరీక్ష ఇది: ఒక భయానక చిత్రానికి ప్రారంభ దృశ్యం తీయాలి, రెండు నిమిషాలకు మించకూడదు. అది అలాగే ఎందుకు మొదలైందో కథాసిద్ధాంతం ఆధారంగా వివరిస్తూ ఒక వ్యాసం జతచేయాలి. పోయిన ఏడాది నేను ఈ పరీక్షలోనే తప్పాను. మళ్ళీ తప్పితే చదువు మాన్పించి, చార్మినార్ దగ్గర మా లేసుల దుకాణంలో కూర్చోబెడతానని బాపు ఖాయంగా చెప్పాడు. "భయపెట్టుడు నేర్చుకోనీకె కాలేజి ఎందుకు? గిరాకి వచ్చి మూడు గంటలు జరీ అంచులు తిరగేసి, ఒక్క మీటర్ కొనకుంట లేచిపోతది చూడు, గదీ భయమంటే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్టోబరు 25 గడువు.

దృశ్యాన్ని మా ఇంటి వెనుక గదిలోనే తీశాం. కిటికీ లేని గది, పాత లేసు చుట్టలు పడేసేది, మీకు తెలుసు. దాని వెనుక గోడకు మేకులు కొట్టి మూసిన పచ్చతలుపు ఉంది కదా, అవతల ఏదో గోదాం ఉన్నది. కథంతా ఆ తలుపు ముందే. మిట్టమధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి, ముఖం కెమెరాకు కనబడేలా తలుపుకు వీపు పెట్టి నిలబడి, "అమ్మా, తలుపు తియ్యి" అని పిలుస్తుంది. గడప ముందు అమ్మ చెప్పులు ఉంటాయి. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తుంది. నాలుగోసారి పిలిచేటప్పటికి ఆమె గొంతు మారిపోతుంది. అంతే, పదకొండు షాట్లు. అమ్మాయిగా నా స్నేహితురాలు రూప నటించింది. కెమెరా, శబ్దం రెండూ వరుణ్ చూసుకున్నాడు.

చిత్రాన్ని పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. మా కృపాకర్ సార్ నా చిత్తుప్రతి చదివి, "ఏం జరిగిందో రాశావు. ఎందుకు అలా జరగాలో రాయలేదు" అన్నారు. ఎందుకో నాకు నిజంగా తెలియదు అత్తమ్మా.

మీ స్రవ్య


హనుమకొండ
ఆగస్టు 19

స్రవ్యా, నీకు శుభం కలగాలి.

చిత్రాన్ని ఎదురింటివారి ల్యాప్‌టాప్‌లో ఏడుసార్లు చూశాను. ఆలస్యానికి కారణం అదే.

మొదట సూత్రం. ప్రతి కథా ఒక సమస్థితితో మొదలవుతుంది. సమస్థితి అంటే సుఖం అని పొరబడకు. అక్కడి మనుషులు దేన్ని మామూలుగా భావిస్తారో అదే సమస్థితి. దానికి విఘాతం కలుగుతుంది, ఎవరో ఆ విఘాతాన్ని గుర్తిస్తారు, సరిదిద్దబోతారు, చివరకు మరో సమస్థితి ఏర్పడుతుంది. నీ దృశ్యంలో ఇంటికి రావడం, పిలవడం సమస్థితి. జవాబు రాకపోవడం విఘాతం. గొంతు మారడం గుర్తింపు. నీ దృశ్యం ఆ మూడోమెట్టు మీద ఆగింది, ప్రారంభ దృశ్యానికి అది సరైన చోటు. చూసేవారి చేతిలో ఒక ముడి పెట్టి, దాన్ని విప్పే కొసను దాచావు.

ఇక నీ వ్యాసంలో నువ్వు ఒక్క మాట కూడా రాయని విషయం. ఈ దృశ్యంలో అన్నిటికంటే ప్రతిభ కనబడే పని ఆ తలుపు. మూడో షాటులో పూర్తిగా మూసి ఉంది. అయిదో షాటులో దాని అంచున నూలుపోగంత నల్లగీత. ఎనిమిదో షాటులో అది వేలి వెడల్పు. పదో షాటులో నాలుగు వేళ్ళు. ఒక్కసారైనా కెమెరా దాన్ని దగ్గరగా చూపదు. అమ్మాయి దాన్ని గమనించదు. వెలుతురంతా ఆమె ముఖం మీద ఉండటంవల్ల మనమూ గమనించం. కానీ మన ఒళ్ళు గమనిస్తుంది. నాలుగోసారి చూస్తున్నప్పుడు నా చేతిమీది వెంట్రుకలు లేచాయి, ఎందుకో వెంటనే తెలియలేదు. మళ్ళీ మొదటినుంచి ఆపి ఆపి చూస్తే గీత కనబడింది.

ఇంత నిగ్రహం మీ వయసులో అరుదు. అటువైపు నిలబడి తలుపు తీసినవారు ఎవరో రాయి. వారికి నా నమస్కారం చెప్పు.

ఆశీస్సులతో
కమల అత్త


కార్వాన్
ఆగస్టు 27

అత్తమ్మా,

అటువైపు మేము ఎవరినీ నిలబెట్టలేదు.

మీ ఉత్తరం కాలేజీలో విప్పాను. చదివి వరుణ్‌కు ఇచ్చాను. ముగ్గురం ప్రదర్శన గదిలో పెద్ద తెర మీద వేసి చూశాం. ఇన్నాళ్ళూ ఫోన్ తెరమీదే కూర్పు చేశాం, రూప ముఖం తప్ప మరేదీ చూడలేదు. పెద్ద తెరమీద గీత ఉంది. మీరు చెప్పిన చోటల్లా ఉంది.

"నీడ కావచ్చు" అన్నాడు వరుణ్.

"నాలుగు వేళ్ళ నీడనా? నా ఈపుకు మూరెడు దూరంల?" అన్నది రూప. "నేను గంటలకొద్ది గా తలుపు ముంగట నిలవడ్డ. ఇంక నన్ను పిలువకు స్రవ్యా. మా డాడీకి తెలిస్తే ఇంటికి పాస్టర్‌ను పిలిపిస్తడు."

మరునాడు పట్టపగలే ఆ గదిలోకి పోయాను. తలుపు మీద ఆరు మేకు తలలు లెక్కపెట్టాను. రెండు చేతులతో తోశాను. కదలలేదు. కానీ పైనుంచి కింది దాకా తలుపుకూ ద్వారబంధానికీ మధ్య పట్టిన సాలెగూడు నిట్టనిలువునా చీలి ఉంది, బ్లేడుతో కోసినట్టు.

బాపును అడిగాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఆ గదిల షూటింగ్ చెయ్యమని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఇంట్ల ఇంకెక్కడ జాగ ఉన్నది బాపూ? ఆ తలుపు అవతల ఏమున్నది?"

"తలుపేంది? అక్కడ గోడ ఉన్నదనుకో. తిను."

అమ్మ కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేము షూటింగులో రాసుకున్న చీటీ నకలు జతచేస్తున్నాను. ఏ షాటు ఏ రోజు, ఏ గంటకు, ఎన్నిసార్లు తీశామో, అందులో ఎన్నోది వాడామో అన్నీ ఉన్నాయి. ఇందులో మీకేమైనా కనబడుతుందేమో చూడండి. సార్ కూడా నిన్న చిత్రం చూశారు. తలుపు కదలడాన్ని ఎవరూ చెప్పకుండానే ఆయనే కనిపెట్టారు. "ఇదీ దృశ్యమంటే! దీని మీదే వ్యాసం రాయి" అన్నారు. తలాడించి వచ్చేశాను. నేను తీసినవాటిలో ఇదే మంచిది, దాన్ని నేను తీయలేదు.

స్రవ్య


హనుమకొండ
సెప్టెంబరు 9

స్రవ్యా,

చీటీ పంపినందుకు సంతోషం. ఇలా రాసిపెట్టుకునే అలవాటు వదులుకోకు.

నేను గమనించినవి వరుసగా చెబుతాను. చిత్రంలో తలుపు క్రమంగా తెరుచుకుంటుంది. కానీ మీరు ఆ క్రమంలో తీయలేదు. పదో షాటు మొదటి రోజు ఉదయమే తీశారు. మూడో షాటు రెండో రోజు సాయంత్రం, అన్నిటికంటే చివర తీశారు. నాలుగు వేళ్ళు తెరుచుకున్న తలుపు మధ్యలో మళ్ళీ మూసుకుంది. కాబట్టి కాలానికీ, తెరుచుకోవడానికీ సంబంధం లేదు. గాలి, చెక్క ఉబ్బడం, ఇల్లు కుంగడం వంటి కారణాలు దీనితో తొలగిపోయాయి.

తర్వాత, తలుపు కదిలిన షాట్లన్నిటిలోనూ పిలుపు ఉంది. పిలుపు లేని ఆరు, ఏడు, తొమ్మిది షాట్లలో అదే తలుపు మూసి ఉంది.

చివరిది. మూడో షాటుకు మీరు వాడింది మొదటిసారి తీసినది. అయిదో షాటుకు అయిదోసారి తీసినది. ఎనిమిదికి తొమ్మిదోసారిది. పదికి పదకొండోసారిది. అంటే ఒక్కో విడతలో ఆ అమ్మాయి ఎన్నిసార్లు "అమ్మా, తలుపు తియ్యి" అన్నదో, ఆ మేరకు తలుపు తెరుచుకుంది. పిలవడం మానగానే మూసుకుంది.

తలుపు వింటున్నది, స్రవ్యా.

నీ ఉత్తరంలోని మొదటి వాక్యం చదివాక నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. తలుపు అవతల ఏముందో నాకు తెలుసు. ఇంకా చెప్పను, చెప్పేముందు నాకొక నిశ్చయం కావాలి. వరుణ్ శబ్దాన్ని వేరుగా నమోదు చేశాడు కదా. ఒక్కో పిలుపు తర్వాత మీరు కత్తిరించి పారేసిన నిశ్శబ్దాన్ని వినండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పగటిపూట, ఇద్దరు కలిసి వినండి.

నేను మళ్ళీ రాసేదాకా ఆ గదిలో ఎవరూ పిలవకండి.

కమల అత్త


కార్వాన్
సెప్టెంబరు 20

అత్తమ్మా,

విన్నాం. నేనూ వరుణూ. రూప గది బయట కూర్చుంది, రానన్నది.

మూడో షాటు మొదటి టేకులో పిలుపు తర్వాత ఏమీ లేదు. గల్లీలో ఆటో హారన్ మాత్రమే. అయిదో షాటు మూడో టేకు నుంచి, పిలిచిన రెండు సెకన్లకు గాజుల చప్పుడు. రూప చేతికి గాజులు లేవు. ఎనిమిదో షాటులో గాజులు, ఏదో ఇనుప వస్తువు జరిపిన శబ్దం, ఊపిరి. ఆ ఊపిరి కూర్చున్నచోటు నుంచి లేచే మనిషిది. వరుణ్ హెడ్‌ఫోన్లు తీసేసి నీళ్ళు తాగి మళ్ళీ పెట్టుకున్నాడు.

పదో షాటు, పదకొండో టేకు. రూప పిలిచింది. తర్వాత నా గొంతు, "కట్" అని. నా మాట కింద, దాదాపు నా మాటతోనే కలిసి, ఒక ఆడగొంతు ఉంది. మెల్లగా, తడబడకుండా, రోజూ చెప్పే మాట చెప్పినట్టు:

"వస్తున్న బిడ్డా."

ఆరోజు నేను "కట్" అని అరిచి, వరుణ్ భుజం చరిచి, "మస్తుగ వచ్చింది, చాయ్ తాగుదాం పాండ్రి" అన్నాను. అదీ రికార్డులో ఉంది. మేము నవ్వుకుంటూ బయటికి పోయిన చప్పుడు తగ్గాక, గడియ పడ్డ శబ్దం.

ఇప్పుడు నా సంకటం చెబుతాను, దాచను. ఈ గొంతును చిత్రంలో పెడితే నేను తప్పకుండా గట్టెక్కుతాను. సార్‌కు వినిపించలేదు కానీ, ఆయన ఇంకొక్క షాటు తీయమంటున్నారు, తలుపు సందు దగ్గరగా కనబడేటట్టు, పిలుపుతో సహా. "ఆ సందే నీ ప్రశ్న. దాన్ని మూయకు, తెరవకు" అన్నారు. తీస్తే మళ్ళీ పిలవాలి. మీరు వద్దన్నారు. గడువు అయిదు వారాలు. అవతల ఉన్నది దయ్యమైతే నాకు భయం. మనిషైతే ఇంకా ఎక్కువ భయంగా ఉంది, ఎందుకో తెలియదు.

ఎవరు అత్తమ్మా?

స్రవ్య


హనుమకొండ
అక్టోబరు 1

స్రవ్యా,

అవతల ఉన్నది నీ పెద్దమ్మ, రుక్మిణమ్మ. మా అన్న ప్రేమ్‌రాజ్ భార్య, నాకు వదిన. గోదాం అని నీకు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. తలుపు అవతలి సగం ఇంటిలో ముందుభాగం గోదాముకు అద్దెకిచ్చి, వెనుక రెండు గదుల్లో ఆమె ఉంటున్నది.

పద్దెనిమిదేళ్ళ కిందట మా అన్న పోయాక ఇల్లు రెండుగా పంచారు. మా ఇళ్ళలో ఇల్లు పంచితే మధ్య తలుపుకు గోడ కట్టరు. పెద్దమనుషుల ఎదుట, చిన్నవాడి వైపునుంచి మేకులు కొట్టిస్తారు. గోడ కడితే ఇక కలిసేది లేదని అర్థం. మేకులైతే కోపం చల్లారాక పీకుకోవచ్చు. మీ బాపు పీకలేదు. పీకమని నేను గట్టిగా చెప్పలేదు.

ఆ ముందురోజు వదిన నా చెయ్యి పట్టుకుని, "కమలా, పొట్టి మేకులు కొట్టియ్యి. తలుపుకు దిగితె చాలు, చౌకట్‌కు తగులొద్దు" అన్నది. వడ్రంగి సాయిలుకు నేనే చెప్పాను. అందుకే ఆ తలుపు ఆరు మేకులు మోస్తున్నది గానీ, ద్వారబంధానికి బిగియలేదు. అటువైపు గడియ తీస్తే అటువైపుకు తెరుచుకుంటుంది. ఈ సంగతి మా ఇద్దరికీ, సాయిలుకూ తప్ప ఎవరికీ తెలియదు.

వదినకు ఒక్కతే కూతురు, రశ్మి. పదిహేడేళ్ళు. తలుపు మూసిన మూడోరోజు మధ్యాహ్నం కాలేజీ నుంచి అలవాటుగా మన ముందు వాకిట్లోంచే వచ్చి, నేరుగా వెనుక గదిలోకి పోయి పిలిచింది. ఏమని పిలిచిందో నీకు తెలుసు. నువ్వు నా ఒడిలో ఉన్నావు. నీకు మూడేళ్ళు. ఆ మాట నీ చిత్రంలోకి ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పలేను. ఏ ఆడపిల్లయినా ఆ మాటే అంటుంది. కానీ ఆ గది, ఆ తలుపు, ఆ వేళ!

వదిన అవతలే ఉంది. గాజులు వినబడ్డాయి. తలుపు తీస్తే మేకుల రహస్యం బయటపడుతుంది, పెద్దమనుషుల ముందు ఇచ్చిన మాట పోతుంది. తీయలేదు. మీ బాపు హాలులోంచి, "ఈ దిక్కునుంచి తొవ్వ లేదు, చుట్టు తిరిగి పో" అన్నాడు. రశ్మి చెప్పులు వేసుకుని పోయింది. వెనుక గల్లీకి చుట్టూ తిరిగితే నాలుగు నిమిషాలు. మళ్ళీ ఎన్నడూ ఆమె ఆ గదిలోకి రాలేదు. ఆరు నెలలకు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది.

మనవైపు నుంచి ఎవరూ ఆ నాలుగు నిమిషాలు నడవలేదు. నేను హనుమకొండలో ఉన్నాను, ఉత్తరం రాశాను. రాయడమే నాకు చేతనైన పని.

నీ చిత్రంలో తలుపు తెరుచుకోవడం చూసి, మీరిద్దరూ ఎలాగో కలిశారనుకున్నాను. వారం రోజులు ఎంత సంతోషించానో చెప్పలేను. తర్వాత నీ జవాబు వచ్చింది.

ఇక పాఠం. భయానక కథలో విఘాతం ఎటునుంచి వస్తుందో చూడమని విద్యార్థులకు చెబుతుంటాను. నీ దృశ్యాన్ని తలుపుకు అవతలినుంచి చూడు. పద్దెనిమిదేళ్ళుగా ఒక స్త్రీ నిశ్శబ్దంలో ఉంది. అది ఆమె సమస్థితి. ఒక రోజు చనిపోయిన కూతురి మాటలు తలుపులోంచి మళ్ళీ మళ్ళీ వినబడ్డాయి. ఆ కథలో విఘాతం నువ్వు.

ఇది నిందించడానికి రాయలేదు. నీకు తెలియదు. తెలిసినది నాకు. గొంతు వాడాలా వద్దా అనేది నేను చెప్పరాదు, అది ఆమె గొంతు.

కమల అత్త


కార్వాన్
అక్టోబరు 9

అత్తమ్మా,

నడిచాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

గోదాం పక్క సందులోంచి పోతే చిన్న వరండా. ఆమె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. చేతులకు రెండేసి మట్టిగాజులు.

"ఎవలు?"

"పురుషోత్తం బిడ్డను. స్రవ్యను."

కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైనుంచి కిందికి చూసింది. "గింత సన్నగున్నవేంది? మీ అమ్మ అన్నం పెడ్తలేదా?" అన్నది. తర్వాత, "లోపటికి రా. ఎండల నిలవడ్డవు."

లోపలి గదిలో ఆ తలుపు ఇటువైపు నుంచి కనబడింది. మనవైపు పచ్చగా ఉంటుంది కదా, ఇటువైపు రంగే లేదు, ఒట్టి చెక్క. దాని పక్కన పీట. పీట నేల మీద జరిగి జరిగి గీతలు పడ్డాయి.

చెప్పాల్సింది ముందే చెప్పేశాను. "పెద్దమ్మా, రెండు రోజులు పిలిచింది మేమే. మిమ్మల్ని కాదు. సినిమా కోసం. నాకు తెల్వదు. తప్పయింది."

"ఎరుకే" అన్నది. "నా బిడ్డ గొంతు నాకు తెల్వదా? మీరు ముప్పై ఒక్కసారి పిలిచిండ్రు. నా బిడ్డ ఒక్కసారే పిలిచింది."

"ఎరుకైతే మరి ఎందుకు తీసిండ్రు?"

"పిలుస్తుంటె కూసుంటరా ఎవలన్న? ఒకసారి కూసున్న గదా." చిక్కుడుకాయ తుంచింది. "మొదలు అనుకున్న, ఎవలో పోరి ఆడుకుంటున్నదని. ఇంక పిలువదు తియ్యి అనుకున్న. పిలిచింది. పిలిచింది. మోకాళ్ళు నొస్తయి నాకు, లేచుడు కష్టం. లేచి గింత తీస్తె పిలుసుడు బందయ్యేది. మూసి కూసుంటె మళ్ల షురువయ్యేది. మస్తు సతాయించిండ్రు పో." నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

షూటింగు చీటీలోనూ సరిగ్గా ముప్పై ఒక్క పిలుపులే ఉన్నాయి అత్తమ్మా. నాలుగు షాట్లకు వరుసగా నాలుగు, ఏడు, తొమ్మిది, పదకొండు సార్లు. ఇంటికొచ్చి కూడి చూశాను.

ఫోన్‌లో చిత్రం చూపించాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తన గొంతు వినిపిస్తే, "గిది నేనేనా? ముసల్దాని లెక్కున్నది" అన్నది. చివరికి అడిగింది: "ఇండ్ల భయమెవలికి?"

"బయట నిలవడ్డ పిల్లకు."

"వెల్తురుల నిలవడ్డదానికేం భయమే? లోపట కూసున్నదానికి గదా. పిలిచేది తన బిడ్డ కాదని తెలుసు. తెలిసి లేవాలె. తీసినంక అక్కడ ఎవలుంటరో?"

గొంతు వాడుకోమన్నది. ముఖం చూపొద్దన్నది. ఒక్క షరతు: "తలుపు సందు చూపెట్టి సినిమా బందు వెట్టకు. మొత్తం తియ్యి. నేనే తీస్త. ఈసారి సగంల మూయ."

సార్ ప్రశ్నను మూయొద్దు, తెరవొద్దు అంటున్నారు. ఆమె తెరవమంటున్నది. ఎవరి మాట వినాలి?

స్రవ్య


హనుమకొండ
అక్టోబరు 14

స్రవ్యా,

మీ సార్ ఆందోళన న్యాయమైనదే. ముడి మొదట్లోనే విడిపోతే ప్రారంభం కాస్తా ముగింపు అవుతుంది. సిద్ధాంతం ఇంతవరకే చెబుతుంది. ఏ ముడి విప్పాలో అది చెప్పదు. తలుపు తెరుచుకుంటుందా అనేది ఒక ప్రశ్న. తెరిచినప్పుడు ఎవరుంటారు అనేది దాని వెనుక ప్రశ్న. మొదటిదానికి జవాబిచ్చి రెండోదాన్ని మిగల్చవచ్చు. కెమెరా ఎటువైపు నిలబడుతుందో నువ్వు నిశ్చయించు. మిగతాది అదే వస్తుంది.

పీట గీతల గురించి నువ్వు రాసిన వాక్యం నాలుగుసార్లు చదివాను. వదిన నా పేరు ఎత్తిందా అని అడగాలని ఉంది. అడిగే హక్కు నాకు లేదు కనుక అడగను.

మోకాళ్ళకు ఒక నూనె పంపుతున్నాను. ఎవరిచ్చారని అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు.

కమల అత్త


కార్వాన్
నవంబరు 6

అత్తమ్మా,

ఫలితం వచ్చింది. గట్టెక్కాను. వ్యాసం మీద సార్ ఎర్రసిరాతో ఒకే వాక్యం రాశారు: "ఆమె ఎవరికి దారి ఇచ్చింది?" అది తప్పు చూపడమో, మెప్పో అడగలేదు. బాపుకు కాగితం చూపించాను. మడిచి నాకే ఇచ్చాడు. దుకాణానికి బయల్దేరుతూ, "ఆమెకు షుగర్ ఉండె. మందులు వాడుతున్నదా?" అని అడిగాడు. ఎవరికని నేను అడగలేదు. నూనె ఇచ్చిననాడు పెద్దమ్మ సీసా వాసన చూసి, "కమల ఇంక ఉత్తరాలే రాస్తదా, వచ్చేదున్నదా?" అన్నది. మీకు చెప్పమనలేదు. చెబుతున్నాను.

ఆ షాటు ఎలా తీశామో రాయాలి. ఎవరికీ చెప్పలేదు.

రూప రానన్నది. బతిమాలలేదు. ఆమె పాత పిలుపునే వరుణ్ ఒక చిన్న స్పీకరులో పెట్టి, మన వెనుక గదిలో తలుపు ముందు నేలమీద ఉంచాడు. గది ఖాళీ. హాలులోంచి మధ్యాహ్నపు వెలుతురు లోపలిదాకా పడేటట్టు అడ్డంగా ఉన్న అట్టపెట్టెలన్నీ జరిపాం. తర్వాత అతనూ నేనూ కెమెరాతో సహా చుట్టూ తిరిగి పెద్దమ్మ వైపుకు వచ్చాం. కెమెరాను ఆమె వెనుక పెట్టాం. చీకట్లో ఆమె భుజం, జడముడి, తలుపు. అంతే కనబడుతుంది. స్పీకరును వరుణ్ ఫోన్‌తో నడిపాడు.

"ఒక్కసారే పిలిపియ్యుండ్రి" అన్నది ఆమె. "రెండోసారి అక్కరలేదు."

పిలుపు వచ్చింది. అది రూప గొంతు. యంత్రంలోంచి వస్తున్నదని మా ముగ్గురికీ తెలుసు. అవతల మనిషి లేదని మా కళ్ళతో చూసి వచ్చాం.

పెద్దమ్మ లేచింది. "వస్తున్న బిడ్డా" అన్నది. గడియ తీసి, రెండు చేతులతో తలుపును తనవైపుకు లాగింది. ఆరు మేకులూ తలుపుతో పాటే వచ్చాయి. వెలుతురు ఒక్కసారి లోపలికి వచ్చింది. ఖాళీ గడప, ఖాళీ గది, దూరంగా హాలు గోడ. చిత్రంలో ఇక్కడే ఆపాలని అనుకున్నాం.

ఆమె ఆగలేదు. గడప మీద, మనిషి ముఖం ఉండేంత ఎత్తులో, కాసేపు చూసింది. "రా" అన్నది. తర్వాత తలుపుకు ఆనుకుని ఒదిగి, కొంగు దగ్గరికి తీసుకుని, ఒకరు పట్టేంత దారి ఇచ్చింది.

వరుణ్ కట్ అనలేదు. నేనూ అనలేదు. ఆమె చూపు మెల్లగా గడప నుంచి తన గదిలోకి, కెమెరా వైపుకు, నావైపుకు జరిగింది. నేను సరిగ్గా దారిలో నిలబడి ఉన్నాను.

పక్కకు జరిగాను అత్తమ్మా.

స్రవ్య